డ్రమ్స్ నేర్చుకుందాం - 7వ పాఠం: టామ్ తీశారు, రైడ్ మరిచారు

పోయిన పాఠం చివర్లో ఒక్క మాట అన్నాను: “సెట్టులో నాలుగు ఉంచుకుని మిగతావి పక్కన పెట్టండి.” ఆ మాటకు మీరు పంపిన ఫోటోలు చూశాక ఈ వారం చెప్పాల్సిన పెడల్ పాఠం వాయిదా వేశాను. ఒకాయన బేస్ డ్రమ్ (కాలి పెడల్‌తో కొట్టే పెద్దది), స్నేర్ (కాళ్ళ మధ్య ఉండే డ్రమ్), హైహ్యాట్ (ఎడమ కాలితో మూసి తెరిచే జంట పళ్ళేలు), క్రాష్ (గట్టిగా మోగే పళ్ళెం) అని వేళ్ళ మీద లెక్కపెట్టి, నాలుగయ్యాయి కదా అని టామ్‌లన్నీ అటకెక్కించారు. ఇంకొకరు హైహ్యాట్ తీసేసి, “సార్, ఎడమ కాలికి పనేం లేదా?” అని అడిగారు.

తప్పు నాదే. అందరికీ తెలిసిందే అనుకుని వదిలేశాను. నాలుగు పీసులు, ఐదు పీసులు అన్నప్పుడు సింబల్స్, అంటే ఆ పళ్ళేలు, లెక్కలోకి రావు. డ్రమ్ములే లెక్క. నాలుగు పీసులంటే బేస్ డ్రమ్, స్నేర్, బేస్ మీద వేలాడే టామ్ ఒకటి, కాళ్ళ మీద నిలబడే ఫ్లోర్ టామ్ ఒకటి. హైహ్యాట్, రైడ్ (తాళం నడిపే పెద్ద సింబల్), క్రాష్ వీటికి అదనం. షాపులో ఐదు పీసుల సెట్టు అని అమ్మేదానికి వేలాడే టామ్ ఇంకొకటి ఎక్కువ ఉంటుంది, అంతే.

చెన్నై అన్నా నగర్ నుంచి ఒకాయనకైతే కోపమే వచ్చింది. “ఏడు పీసుల సెట్టు మంచం కింద పెట్టుకోవడానికా కొన్నది?” అన్నారు. ఆ బాధ నాకు తెలుసండీ. ఇరవై నాలుగేళ్ళ వయసులో నేనూ ఏడు పీసులది వాయిదాల మీద కొన్నాను. అప్పుడు వడపళనిలో మేడ మీద గది, ఇనుప మెట్లు. ఒక పెళ్ళి రిసెప్షన్‌కి దాన్ని మోసుకెళ్ళడానికి ఆటో రెండు ట్రిప్పులు తిరిగింది. వేదిక మీద కీబోర్డు ఆయన చోటు సగం నేనే మింగేశాను. నేనింకా స్టాండ్లు బిగిస్తుండగానే గాయని మొదటి పాట ఎత్తుకుంది. ఇంటికొచ్చి లెక్క వేసుకుంటే, ఆ రాత్రంతా చిట్టచివరి చిన్న టామ్‌ని కొట్టింది నాలుగు సార్లు. అందులో రెండు పొరపాటున తగిలినవి.

అలాగని పెద్ద సెట్టు తప్పని నేను అనను. రష్ బ్యాండు డ్రమ్మర్ నీల్ పియర్ట్ చుట్టూ 360 డిగ్రీలూ డ్రమ్ములు, ప్యాడ్లు ఉండేవి, సోలో మధ్యలో వేదికే తిరిగేది. ఇంకో డ్రమ్మర్ టెర్రీ బోజియో టామ్‌లని స్వరాలకు శ్రుతి చేసుకుంటాడు. కాళ్ళతో ఒక తాళం నడుపుతూ చేతులతో రాగం వాయిస్తాడు కాబట్టి, ఆయనకు అన్ని టామ్‌లు కావాలి. జలతరంగం వాయించే మనిషిని ఇన్ని గిన్నెలు ఎందుకని అడుగుతామా? మన ఊరి శివమణి గారి ముందు ఏముంటుందో చెన్నైవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. కానీ ఆయన ఒక సూట్‌కేసు, ఒక నీళ్ళ క్యాను ఇచ్చినా జనాన్ని లేపి నిలబెట్టగలరు. అది గుర్తుపెట్టుకోండి.

రెండో పక్కన బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్. 1964 ఫిబ్రవరి 9న అమెరికా టీవీలో 7 కోట్ల మందికి పైగా చూస్తుండగా ఆయన ముందున్నవి నాలుగే డ్రమ్ములు, అందులో బేస్ డ్రమ్ 20 అంగుళాలది. రోలింగ్ స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్ దశాబ్దాలపాటు స్టేడియాలను నాలుగు పీసుల గ్రెచ్ కంపెనీ సెట్టుతోనే నడిపాడు.

పెద్దది అనే మాటకు రెండర్థాలున్నాయి, జాగ్రత్త. లెడ్ జెప్పెలిన్ డ్రమ్మర్ జాన్ బోన్‌హామ్ బేస్ డ్రమ్ 26 అంగుళాలు, వేలాడే టామ్ 14, ఫ్లోర్ టామ్‌లు 16, 18. కొలతలు ఏనుగంత, లెక్క మాత్రం స్నేర్‌తో కలిపి ఐదే. మనం మాట్లాడుతున్నది లెక్క గురించి. (సైజుల్లో నా ఓటు 20 అంగుళాల బేస్‌కి. ఆటోలో పడుతుంది. ఇంకో కారణం చెప్పమంటే చెప్పలేను.)

ఇక అసలు సంగతి. టామ్ సరిగ్గా తీసినవాళ్ళలో కూడా పదిమందిలో తొమ్మిదిమంది చేసిన తప్పు ఒకటుంది. ఫోటో తర్వాత ఫోటోలో అదే చూసి నాకు చిరాకొచ్చింది. టామ్ తీశారు, రైడ్‌ని మాత్రం ఉన్నచోటే వదిలేశారు.

బేస్ మీద రెండు టామ్‌లు వేలాడుతున్నప్పుడు రైడ్ సింబల్‌కి చోటుండదు. అందుకని అది కుడివైపు దూరంగా, ఫ్లోర్ టామ్ మీదుగా, పైకి పోతుంది. దాన్ని అందుకోవాలంటే మోచెయ్యి పక్కటెముకల నుంచి లేచి గాల్లో నిలబడాలి. ఇప్పుడు లెక్క చూడండి. నిమిషానికి 90 దెబ్బల వేగంతో నాలుగు నిమిషాల పాటలో 90 బార్లు (బారంటే నాలుగు దెబ్బల ఆవర్తం). రైడ్ మీద బారుకి 8 చొప్పున 720 దెబ్బలు. రెండో టామ్ మీద? ఫిల్ (పాటలో ఖాళీని నింపే దెబ్బల వరస) వచ్చినప్పుడు నాలుగో, ఎనిమిదో. ఎనిమిది దెబ్బల వస్తువుని ఒళ్ళో పెట్టుకుని, 720 దెబ్బల వస్తువుని పక్కింటికి పంపిస్తున్నాం. కుడి భుజం నొప్పెడుతోందని రాసినవాళ్ళు ముందు మీ రైడ్ ఎక్కడుందో చూసుకోండి, ఆ తర్వాత డాక్టరు.

నాలుగు పీసుల సెట్టు లాభమంతా ఈ ఖాళీలోనే ఉంది. రెండో టామ్ ఖాళీ చేసిన చోటుకి రైడ్ దిగి రావాలి. ముందు ఆ టామ్‌ని మోసిన కడ్డీని ఊడదీయండి. దాన్ని అలాగే వదిలేస్తే రైడ్ అంచు దానికి తగిలి ఠంగుమంటుంది. తర్వాత స్టాండు కాళ్ళని బేస్‌కీ ఫ్లోర్ టామ్‌కీ మధ్య సందులో సర్దండి. సింబల్‌ని కిందికి దించండి. ఇంకా దించండి. మీరు ఆపిన చోటు నుంచి ఇంకో రెండంగుళాలు దించండి. కొంచెం మీవైపు వంచండి, మరీ గోడలా నిలబెట్టకండి. ఇప్పుడు కళ్ళు మూసుకుని, మోచెయ్యి ఒంటికి దగ్గరగా ఉంచి, కంచంలో అన్నం కలిపేటంత ఎత్తులో చెయ్యి పెట్టి, స్టిక్ వదలండి. దాని మొన రైడ్ బుడిపెకీ అంచుకీ మధ్యన పడాలి. చెయ్యి చాపాల్సి వస్తే ఇంకా దూరంగా ఉన్నట్టే. సింబల్‌ని జరపండి, మీరు ముందుకి వంగకండి. వంగితే పెడల్ మీద కాలి బరువు మారుతుంది, బేస్ దెబ్బ పలచబడుతుంది, అప్పుడు పెడల్ స్ప్రింగ్ బిగిస్తారు, దాంతో కాలి పిక్క పట్టేస్తుంది. ఒక్క సింబల్ వల్ల ఇంత గొడవ.

ఏ టామ్ తీయాలి అని కొందరు అడిగారు. 12, 13 ఉంటే 13 తీయండి. 10, 12 ఉంటే 10 తీయండి. 10 అంగుళాలది నాకు గిట్టదు, భోజనాల దగ్గర స్టీలు గ్లాసు జారిపడ్డట్టు ఉంటుంది. మీకు నచ్చితే ఉంచుకోండి, నాకు మాత్రం ఫోటో పంపకండి. ట్యూనింగ్ 4వ పాఠంలో ఉంది.

రెండో లాభం ఫిల్స్‌లో. బారుకి పదహారు చిన్న దెబ్బలు. ఐదు పీసుల సెట్టులో స్నేర్, మూడు టామ్‌లు కలిపి నాలుగు చోట్లు. నాలుగు నాలుగుల పదహారు. అందుకే కొత్తవాళ్ళంతా తకధిమి, తకధిమి, తకధిమి, తకధిమి అని మెట్లు దిగినట్టు దిగిపోతారు. ఆలోచించాల్సిన పని లేదు, సెట్టే వాయించేస్తుంది. ఒక టామ్ తీస్తే మిగిలేవి మూడు చోట్లు. పదహారు మూడుతో భాగం పోదు. ఇప్పుడు మీరే పంచాలి.

సులువైన పంపకం 6-6-4: స్నేర్ మీద తకధిమితక, టామ్ మీద తకధిమితక, ఫ్లోర్ టామ్ మీద తకధిమి. అన్నీ సరిసంఖ్యలు కాబట్టి ప్రతి చోటా కుడిచేత్తోనే మొదలవుతుంది. కష్టమైనది 5-5-6: తకతకిట, తకతకిట, తకధిమితక. కుడి ఎడమలు మార్చుకుంటూ వాయిస్తే ఇందులో రెండో అయిదు ఎడమచేత్తో మొదలవుతుంది. కుడిచెయ్యి ఇంకా స్నేర్ మీద ఉండగానే ఎడమచెయ్యి దాన్ని దాటి టామ్‌కి చేరాలి. 90 వేగంలో కుడిచేతి దెబ్బ తర్వాత దానికి దొరికేది సెకనులో ఆరో వంతు. స్టిక్స్ ఢీకొంటే కంగారుపడకండి, కుడిచెయ్యి దెబ్బ తర్వాత పైకి లేవకుండా కిందికే ఉంచండి. 3-3-3-3-4 మీరే చోట్లు పంచుకుని చూడండి.

మూడు చోట్లు చాలవనిపిస్తే డప్పు గుర్తుచేసుకోండి. ఒకే ముఖం, ఒక చేతిలో సిర్ర, ఇంకో చేతిలో చిటికెన పుల్ల, ఊరంతా కదులుతుంది. మీ స్నేర్‌కి కూడా నడిబొడ్డు వేరు, అంచు వేరు, ఇనుప రిమ్ వేరు.

సాధన. మరిచేపోయాను. మెట్రోనోమ్ (తాళం చూపే యంత్రం) 35 మీద పెట్టండి. అది మీ రెండో దెబ్బకీ, నాలుగో దెబ్బకీ మాత్రమే మోగుతుందనుకోండి, అంటే పాట వేగం 70. మూడు బార్లు రైడ్ మీద మామూలు బీట్, నాలుగో బార్ 6-6-4 ఫిల్, మళ్ళీ ఒకటో దెబ్బకి రైడ్. ఇలా వరసగా 40 సార్లు. ఎక్కడ తప్పినా ఒకటి నుంచి. కుదిరాక 5-5-6తో ఇంకో 40. డ్రమ్ముల మీద తువ్వాళ్ళు పరచుకోండి, కింది వాటావాళ్ళు కూడా మనుషులే. ఫోనుని వెనక నుంచి కాకుండా కుడి పక్క నుంచి పెట్టి రికార్డు చేయండి, ఈసారి నాకు మీ మోచెయ్యి కనపడాలి.