ఉద్యోగాలిస్తామనే పోస్టర్‌ని ప్రెస్సువాడిలా చదవడం ఎలా?

విజయవాడ గాంధీనగర్‌లో మాది చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సు. ఎన్నికలొస్తే అన్ని పార్టీలవాళ్లూ వంతులవారీగా మా బెంచీ మీదే కూర్చుంటారు. ఉద్యోగాల హామీ ఉన్న వాల్‌పోస్టర్ని ఎలా చదవాలని మా అన్నయ్య కూతురు అడిగింది. గ్రూప్స్‌కి చదువుతోంది, దానికి ఈ టెన్షన్ ఎక్కువ.

ముందు అడుగున ఉన్న సన్న అక్షరాలు చూడండి. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ ప్రకారం అక్కడ ప్రింటర్, పబ్లిషర్ పేర్లు, అడ్రసులు ఉండి తీరాలి. అచ్చు వేయించేవాళ్లు ఇద్దరు సాక్షుల సంతకాలతో మాకు డిక్లరేషన్ ఇవ్వాలి. దాని కాపీతో పాటు పోస్టరునూ మేం కలెక్టరుకు పంపాలి. తప్పితే ఆరు నెలల వరకు జైలు, లేదా 2000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ లైను లేని పోస్టర్ మీద ఎన్ని లక్షల ఉద్యోగాలున్నా నేను పైకి చదవను.

తర్వాత వాక్యం చివర చూడండి. మొదటి ప్రూఫులో "ఇస్తాం" అని ఉంటుంది. ఫైనల్‌కి వచ్చేసరికి అది "కృషి చేస్తాం" అవుతుంది. అంకె మాత్రం తగ్గదు! ఏ శాఖలో, పర్మినెంటా కాంట్రాక్టా, నోటిఫికేషన్ ఎప్పుడు అన్నవి వెతకండి.

అసలు మెలిక "ఎలా ఇస్తారు" అన్న దగ్గర ఉంది. 1945లో, యుద్ధం ముగుస్తుండగా బ్రిటన్‌లో ఎన్నికలు జరిగాయి. ముప్పైలలో నిరుద్యోగం చూసిన జనం అది మళ్లీ వస్తుందేమోనని భయంగా ఉన్నారు. కన్సర్వేటివ్ పార్టీవాళ్లు తమ ప్రధాని చర్చిల్ బొమ్మ వేసి, మొదలుపెట్టిన పనిని ఆయన్నే పూర్తి చేయనివ్వండి అన్నారు. లేబర్ పార్టీ, యుద్ధం గెలిచాం, ఇక శాంతినీ గెలుద్దాం అంది. అందరికీ పని అనే మాట అన్ని పార్టీలూ చెబుతున్నాయని, ప్రైవేటు పరిశ్రమ మీద ఎంత అదుపు కావాలన్న దగ్గరే తేడా వస్తుందని తన మ్యానిఫెస్టోలోనే రాసుకుంది. 393 సీట్లు గెలిచింది. ఏ పోస్టర్ ముందు నిలబడినా ఆ తేడానే వెతకండి. హామీ ఎలాగూ ఒకటే ఉంటుంది.

బొమ్మని చివర్లో చూడండి. అదే దేశంలో 1979 ఎన్నికలకు ముందు కన్సర్వేటివ్‌లు వేసిన పోస్టర్‌లో కనిపించిన నిరుద్యోగుల పొడవాటి క్యూలో నిలబడింది ఆ పార్టీ కార్యకర్తలే. వచ్చినవాళ్లు చాలక, అవే మనుషుల్ని పదేపదే అతికించి క్యూని పెంచారు. ఆ పార్టీ గెలిచింది. 1982కల్లా అక్కడ నిరుద్యోగులు 30 లక్షలు దాటారు. మన దగ్గర ఫ్లెక్సీలు వచ్చాక మొహాలు పెరిగి మాటలు తగ్గాయి కాబట్టి చదివే పని తొందరగానే అయిపోతుంది.

దాచుకోవాలంటే గోడ మీంచి చించకండి, మైదా జిగురుతో ముక్కలుగా వస్తుంది. ఫోన్‌లో ఫొటో తీయండి, అడుగు లైను కూడా పడాలి. పొద్దున్నే తీయండి. సాయంత్రానికల్లా ఇంకో పార్టీవాళ్లు దాని మీదే అంటించేస్తారు.