డబ్బాలో పదహారు పూసలు

జనాభాలో ఒక జన్యువు రూపాల వాటా తరతరానికీ మారకుండా ఉండే సమతౌల్యాన్ని లెక్కగట్టే హార్డీ–వైన్‌బర్గ్ సూత్రం బోర్డు మీద రాయగానే సగం ముఖాల్లో టెన్షన్ కనిపించేది. అందుకే ఇప్పుడు సుద్దముక్క పట్టుకోకముందే పూసల డబ్బా తీస్తున్నాను.

ఒకే సైజు పూసలు ఎరుపువి 16, తెలుపువి 16, లోపల ఏముందో కనిపించని డబ్బా ఒకటి, కాగితం, పెన్ను. ఇంతే కావాలి.

డబ్బాలో ఎరుపు 8, తెలుపు 8 వేయండి. ఒకే జన్యువుకు ఇవి రెండు రూపాలు. ప్రతి జీవికీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి కాబట్టి 16 పూసలంటే 8 జీవులు. చూడకుండా ఒక పూస తీసి, రంగు రాసుకుని, తిరిగి డబ్బాలో వేసి బాగా కలపండి. అలా 16 సార్లు. తిరిగి వేయడం మాత్రం మరవద్దు. మొదటిసారి నేను వేయలేదు. ప్రతి తరంలోనూ 8, 8 వస్తుంటే "చూశారా, సమతౌల్యం!" అని గొప్పగా చెప్పేశాను కూడా. "ఉన్నవన్నీ బయటికి తీస్తే ఉన్నవే వస్తాయి కదా సార్" అంది వెనక బెంచీలోంచి ఒకమ్మాయి.

10 ఎరుపు, 6 తెలుపు వచ్చాయనుకోండి. డబ్బాను ఖాళీ చేసి, 10, 6 లెక్కన నింపండి. అది రెండో తరం. ఓపిగ్గా సాగిస్తే ఎప్పుడో ఒకప్పుడు ఒక రంగు పూర్తిగా మాయమవుతుంది. ఏ రంగు పోతుందో ముందే చెప్పలేం. ఎరుపు మేలనీ, తెలుపు లోపమనీ ఎవరూ నిర్ణయించలేదు, అయినా జనాభా మారిపోయింది. దీన్నే జెనెటిక్ డ్రిఫ్ట్ అంటారు. 1956లో పీటర్ బ్యూరీ ప్రచురించిన ప్రయోగంలో పూసల బదులు డ్రోసోఫిలా ఈగలున్నాయి. 107 గుంపులు, తరానికి 16 ఈగలు, కంటిరంగు జన్యువు రెండు రూపాలూ మొదట్లో సగం సగం. 19 తరాలకు 30 గుంపుల్లో ఒక రూపం పోయింది, 28 గుంపుల్లో అదొక్కటే మిగిలింది. గుంపు పెద్దదైతే ఇది నెమ్మదిస్తుంది.

ఇక ప్రకృతి వరణం. తెలుపు అంతర్గత లక్షణమనీ (అంటే జతలో ఎరుపుంటే బయటికి కనిపించదనీ), రెండూ తెలుపే వచ్చిన జీవి బతకదనీ అనుకుందాం. దీనికి పూసలు చాలవు, కాగితం మీదే చేయండి. పెద్ద జనాభాలో తెలుపు వాటా తరానికో మెట్టు దిగుతుంది: 1/2, 1/3, 1/4, 1/5... ఎనిమిది తరాల్లో 1/10కి చేరుతుంది. అక్కడి నుంచి 1/100కి దిగడానికి మాత్రం ఇంకో 90 తరాలు!

ఎందుకంత ఆలస్యం? 1908లో హార్డీ, వైన్‌బర్గ్ విడివిడిగా చూపిన లెక్క ఇక్కడ పనికొస్తుంది. తెలుపు వాటా 0.1 ఉన్నప్పుడు పుట్టేవాటిలో తెలుపు జతలు 0.1 × 0.1, అంటే నూటికి ఒకటి. ఎరుపు–తెలుపు జతలు 2 × 0.9 × 0.1, అంటే నూటికి 18. ఆ పద్దెనిమిదీ బయటికి ఎర్రగానే ఉంటాయి, తెలుపును దాచుకుని హాయిగా పిల్లల్ని కంటాయి.