పిల్లల రిపోర్టులో ఎస్‌జీపీటీ పెరిగిందా? ముందు బిడ్డను చూడండి

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో దేవరకొండ వైపు నుంచి ఒక తల్లి ఆరేళ్ల కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన ల్యాబ్ కాగితం. ఎస్‌జీపీటీ 186 అన్న అంకె కింద ఎవరో ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీశారు. "లివర్ పాడైపోయిందట సార్, పసరు పోయించమంటున్నారు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. పిల్లవాడు బల్ల అంచు పట్టుకుని ఊగుతూ ఇంటికెప్పుడు వెళ్దామని అడుగుతున్నాడు. వాడికి జ్వరం తగ్గి మూడు రోజులైంది, పొద్దున కడుపునిండా ఉప్మా తిన్నాడు. ఆ కాగితం ఏమి చెబుతోందో ఆ తల్లికి వివరించడానికి అరగంట పట్టింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అనేవి కణాల లోపల ఉండాల్సిన ఎంజైములు. వైరస్ వల్లనో, వైరస్‌తో మన రోగనిరోధక శక్తి చేసే పోరు వల్లనో కాలేయ కణాలు దెబ్బతిన్నప్పుడు అవి రక్తంలోకి కారతాయి. అంకె పెద్దదైతే కారడం ఎక్కువైందని అర్థం. కాలేయం తన పని తాను చేస్తోందా లేదా అన్నది ఆ అంకెలో కనిపించదు. దానికి చూడాల్సినవి వేరు: రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్‌ఆర్ (పెరిగితే గడ్డకట్టడం ఆలస్యమవుతోందని అర్థం), కామెర్లలో పసుపు రంగు తెచ్చే బిలిరుబిన్, రక్తంలో గ్లూకోజు. అన్నింటికన్నా ముందు, పిల్లవాడి తెలివి, ఆకలి, ఆట. ఎస్‌జీపీటీ 2,000 ఉన్నా ఐఎన్‌ఆర్ మామూలుగా ఉండి అన్నం అడుగుతున్న బిడ్డను చూస్తే నాకు భయం వేయదు. 300 మాత్రమే ఉండి, ఐఎన్‌ఆర్ 2 దాటి, మత్తుగా పడుకున్న బిడ్డను చూస్తే పరుగెత్తాల్సిందే.

సమస్య: జలుబు, జ్వరం వచ్చి తగ్గింది. ఎంజైములు రెండు మూడు రెట్లు పెరిగాయి. బిడ్డ హుషారుగానే ఉంది

కారణం చాలాసార్లు మామూలు వైరస్సే. ఫ్లూ, అడినోవైరస్, తట్టు, విరేచనాలు తెచ్చే రోటావైరస్, గొంతునొప్పితో మెడలో గడ్డలు తెప్పించే ఎప్‌స్టీన్-బార్ వైరస్, ఇవన్నీ దారిన పోతూ కాలేయాన్ని కాస్త గీరి పోతాయి. మందు అక్కర్లేదు. లివర్ టానిక్ పేరుతో అమ్మే సీసాలూ అక్కర్లేదు. రెండు నుంచి నాలుగు వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించి, అంకె దిగిందని కళ్లారా చూసుకోవాలి. ఆ రెండో పరీక్షను చాలామంది ఎగ్గొడతారు. దయచేసి ఎగ్గొట్టకండి, దాని అవసరం చివర్లో చెబుతాను.

ఇక్కడే ఇంకో అంకె తల్లిదండ్రులను హడలెత్తిస్తుంది: ఆల్కలైన్ ఫాస్ఫటేజ్. ల్యాబ్ కాగితం మీద చాలాచోట్ల పెద్దవాళ్ల హద్దులే అచ్చువేస్తారు. పెరిగే ఎముకల నుంచి కూడా ఈ ఎంజైము వస్తుంది కాబట్టి పిల్లల్లో అది పెద్దవాళ్లకన్నా ఎక్కువగానే ఉంటుంది. అయిదేళ్ల లోపు పిల్లల్లో ఒక వైరస్ జ్వరం తర్వాత ఇది ఒక్కటే వేలల్లోకి ఎగబాకి, కొన్ని వారాల నుంచి నెలల్లో తనంతట తానే దిగిపోవడం కూడా ఉంది. మిగతావన్నీ మామూలుగా ఉంటే వేచి చూడటమే వైద్యం.

సమస్య: ఎస్‌జీఓటీ బాగా ఎక్కువ, ఎస్‌జీపీటీ అంతగా లేదు. పిల్లవాడు నడవనంటున్నాడు

ఫ్లూ తగ్గే రోజుల్లో పొద్దున లేచి పిక్కలు పట్టుకుని ఏడ్చే పిల్లలుంటారు. మునివేళ్ల మీద నడుస్తారు, లేదా అసలు కాలు కింద పెట్టరు. పోలియో ఏమోనని పెద్దవాళ్లు బెదిరిపోతారు. అది వైరస్ వల్ల పిక్క కండరాలకు వచ్చిన వాపు. ఎస్‌జీఓటీ కండరంలోనూ ఎర్ర రక్తకణాల్లోనూ ఉంటుంది, అందుకే పెరుగుతుంది. కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే సీపీకే అనే ఎంజైము పరీక్ష చేస్తే అసలు చోటు బయటపడుతుంది. విశ్రాంతి, బాగా నీళ్లు ఇస్తే వారంలోపు తగ్గుతుంది. మూత్రం కోలా రంగులోకి మారితే మాత్రం మూత్రపిండాలకు ముప్పు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నొప్పి లేకుండా కాళ్లలో బలం తగ్గిపోతూ పైకి పాకుతున్నా ఆగకూడదు, అది నరాల జబ్బు కావచ్చు.

నరం దొరకక రెండు మూడుసార్లు గుచ్చి తీసిన రక్తంలో కణాలు చిట్లిపోయినా ఎస్‌జీఓటీ ఎక్కువగానే కనిపిస్తుంది. అనుమానం ఉంటే మళ్లీ తీయించడం ఉత్తమం.

సమస్య: నాలుగైదు రోజుల జ్వరం, ఒళ్లునొప్పులు, ప్లేట్‌లెట్లు తగ్గుతున్నాయి, ఎంజైములు వందల్లో

మన జిల్లాల్లో వానాకాలం నుంచి చలి మొదలయ్యే దాకా ఇలా వచ్చే బిడ్డలో ముందు అనుమానించాల్సింది డెంగీ. డెంగీలో కాలేయం దెబ్బతినడం మామూలే. ఎస్‌జీఓటీ సాధారణంగా ఎస్‌జీపీటీ కన్నా ఎక్కువగా ఉంటుంది. రెంటిలో ఏదైనా 1,000 చేరితే దాన్ని తీవ్రమైన డెంగీగా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కిస్తుంది. మొదటి అయిదు రోజుల్లో రక్తంలో వైరస్ ప్రోటీన్‌ను పట్టే ఎన్ఎస్1, ఆ తర్వాత వైరస్ మీద ఒళ్లు తయారుచేసిన ప్రతిరక్షకాలను పట్టే ఐజీఎం పరీక్ష పనికొస్తాయి.

తల్లిదండ్రులు పొరపాటు పడేది ఇక్కడే: జ్వరం తగ్గింది కదా అని ఊపిరి పీల్చుకుంటారు. డెంగీలో జ్వరం తగ్గిన తర్వాతి ఒకటి రెండు రోజులే గండం. రక్తనాళాల నుంచి ద్రవం బయటికి ఊరిపోయి రక్తపోటు పడిపోతుంది, రక్తం అందని కాలేయం ఇంకా దెబ్బతింటుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చల్లబడిన చేతులు కాళ్లు, ఆరు గంటలుగా మూత్రం లేకపోవడం, ఊరికే చిరాకు లేదా మత్తు, వీటిలో ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు.

తాగగలిగే బిడ్డకు ఓఆర్ఎస్, గంజి, పలచని మజ్జిగ, కొబ్బరినీళ్లు కొద్దికొద్దిగా, మాటిమాటికీ పట్టండి. బొప్పాయి ఆకు రసం పోసి ఉన్న నాలుగు గుటకలూ కక్కించకండి. ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్, ఊళ్లో వేసే నొప్పి ఇంజెక్షన్లు ఈ రోజుల్లో ప్రమాదం. ప్లేట్‌లెట్ అంకె చూసి ప్లేట్‌లెట్లు ఎక్కించమని వైద్యుడిని ఒత్తిడి చేయవద్దు. గండం గడిస్తే కాలేయం మూడు నాలుగు వారాల్లో కోలుకుంటుంది.

సమస్య: వైరస్ జ్వరం అన్నారు. మందు పడుతున్న కొద్దీ ఎంజైములు పెరుగుతున్నాయి

ఈ భాగాన్ని దయచేసి రెండుసార్లు చదవండి. జ్వరం సీసాలన్నీ బయటకు ఒకేలా కనిపిస్తాయి. లోపల పారాసెటమాల్ మాత్రం ఒక్కటే మోతాదులో ఉండదు. ఒక సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు, ఇంకోదానిలో 250. పసిపిల్లల చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరుకే 100. పది కిలోల బిడ్డకు ఒక విడతకు గరిష్ఠంగా 150 మిల్లీగ్రాములు చాలు. అంటే మొదటిదానిలో 6 మిల్లీలీటర్లు, రెండోదానిలో 3, చుక్కల మందులో ఒకటిన్నర. సిరప్ కొలత గుర్తుపెట్టుకుని చుక్కల మందును 6 మిల్లీలీటర్లు పోస్తే ఒక రోజంతా ఇవ్వదగిన 600 మిల్లీగ్రాములు ఒక్క గుక్కలో లోపలికి వెళ్తాయి. అలా రోజుకు నాలుగుసార్లు, మూడు రోజులు పోసిన ఇల్లు నాకు తెలుసు. పోసింది ప్రేమతోనే, జ్వరం దిగాలనే. పైగా జలుబు సిరప్‌లో కూడా పారాసెటమాల్ కలిసి ఉండవచ్చు, అది రెట్టింపు. రెండు రోజులుగా ఏమీ తినని బిడ్డ కాలేయం ఆ బరువును మోయలేదు.

పరిష్కారం: కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, విడతకూ విడతకూ మధ్య కనీసం ఆరు గంటలు. కొలత గ్లాసుతోనో సిరంజితోనో పోయాలి, వంటింటి చెంచాతో వద్దు. ఆసుపత్రికి వచ్చేటప్పుడు తాగించిన సీసాలన్నీ సంచిలో వేసుకుని రండి. మోతాదు దాటిందని తెలిస్తే విరుగుడు మందు ఎసిటైల్‌సిస్టీన్ ఉంది. ఎంత త్వరగా ఇస్తే అంత మేలు, ఆలస్యమైనా ఇవ్వాల్సిందే. తగిన మోతాదులో పారాసెటమాల్ మంచి మందు, దానికి భయపడి జ్వరంతో బిడ్డను మాడ్చకండి.

ఫ్లూ, అమ్మవారు పోసినప్పుడు ఆస్పిరిన్ ఇస్తే రై (Reye) సిండ్రోమ్ అనే జబ్బు వచ్చి కాలేయం, మెదడు రెండూ దెబ్బతినవచ్చు. నిమెసులైడ్‌ను పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఇవ్వడాన్ని మన దేశంలో 2011లోనే నిషేధించారు. ఇంట్లో పెద్దవాళ్ల మాత్రను సగం విరిచి ఇచ్చే అలవాటు ఉంటే ఈరోజే మానండి.

సమస్య: జ్వరం, వాంతులు తగ్గాయి, ఇప్పుడు కళ్లు పచ్చబడ్డాయి. ఎస్‌జీపీటీ 1,000 దాటింది

పిల్లల్లో ఇది ఎక్కువగా హెపటైటిస్ ఏ. వైరస్ లోపలికి వెళ్లాక రెండు వారాల నుంచి ఏడు వారాలలోపు ఎప్పుడైనా బయటపడుతుంది, అంటే నెల కిందట తాగిన నీళ్లను తలచుకోవాలి. నీళ్లు సన్నగా వస్తున్నాయని నల్లాను కిందికి దించి తవ్విన గుంత ఎన్ని వాకిళ్ల ముందు ఉందో చూడండి. సరఫరా ఆగినప్పుడు ఆ గుంతలోని మురుగు వెనక్కి పైపులోకి పోతుంది. నల్గొండలో నీళ్లనగానే మన మనసు ఫ్లోరైడ్ మీదికి పోతుంది. మర్రిగూడ, మునుగోడు వైపు రెండు మూడు తరాలు దాని బాధ పడ్డాయి కాబట్టి అది సహజం. అయితే ఫ్లోరైడ్ లేని నీళ్లన్నీ వైరస్ లేని నీళ్లు కావు. ఫిల్టర్ నీళ్ల డబ్బా శుభ్రంగా వచ్చినా, ఇంట్లో చేయి ముంచి గ్లాసు తీస్తే సరి, చెడిపోతాయి. మరిగిస్తే వైరస్ చస్తుంది, ఫ్లోరైడ్ పోదు. ఈ రెంటికీ జాగ్రత్తలు వేర్వేరు.

దీనికి ప్రత్యేకమైన మందు లేదు. విశ్రాంతి, ఆకలిని బట్టి అన్నం. ఉప్పు లేని చప్పిడి పథ్యం పెట్టకండి, నూనె పూర్తిగా మానిపించనక్కర్లేదు. పప్పన్నం, ఇడ్లీ, అరటిపండు, గుడ్డు ఏది ఇష్టపడితే అది పెట్టండి. ఆకలి పొద్దున ఎక్కువ, సాయంత్రానికి తగ్గుతుంది కాబట్టి పొద్దున బాగా పెట్టండి.

పసరు మాట. దాన్ని నమ్మే తల్లులను నేను తప్పుపట్టను. ఈ కామెర్లు నూటికి తొంభైమందికి పైగా పిల్లల్లో తమంతట తామే తగ్గుతాయి, ఆ పేరు పసరుకు దక్కుతుంది. ఆ ఆకులో ఏముందో, ఎంత పోశారో లెక్క లేదు, కొన్ని నేరుగా కాలేయానికే విషం. కళ్లలో పోస్తే కంటి పొర పుండు పడుతుంది. చేతి మీద వాత పెడితే బిడ్డకు కాలిన గాయం మిగులుతుంది.

కామెర్లు కనిపించినప్పటి నుంచి వారం దాకా బడికి పంపవద్దు. మరుగుదొడ్డికి వెళ్లాక సబ్బుతో చేతులు కడగాలి. ఇంట్లో గర్భిణి ఉంటే మరీ జాగ్రత్త: ఇలాంటి నీళ్లతోనే వచ్చే ‘హెపటైటిస్ ఈ (E)’ అనే ఇంకో రకం గర్భం చివరి నెలల్లో ప్రాణాంతకం కావచ్చు. ఏడాది నిండిన పిల్లలకు హెపటైటిస్ ఏ టీకా ఉంది, ప్రభుత్వ టీకాల పట్టికలో లేదు కాబట్టి అడిగి వేయించుకోవాలి. హెపటైటిస్ బీ టీకా మాత్రం పుట్టిన 24 గంటల్లో, తర్వాత 6, 10, 14 వారాలకు ఉచితంగా వేస్తారు.

అరచేతులు పచ్చగా ఉండి కళ్లు తెల్లగా ఉంటే అది బొప్పాయి, క్యారెట్ ఎక్కువ తిన్న రంగు. కామెర్లు కావు.

సమస్య: ఎంజైములు దిగుతున్నాయి, బిడ్డ మాత్రం బాగా లేదు

ఇదే అన్నిటికన్నా మోసపూరితమైన రిపోర్టు. ఎస్‌జీపీటీ 3,000 నుంచి 400కు దిగింది, బిలిరుబిన్, ఐఎన్‌ఆర్ పెరుగుతున్నాయి అంటే కారడానికి కణాలు మిగలలేదని అర్థం కావచ్చు. పగలు నిద్ర, రాత్రి మెలకువ, తల్లిని గుర్తుపట్టకపోవడం, అసందర్భపు మాటలు, నల్లటి విరేచనం, వాంతిలో రక్తం కనిపిస్తే 108కు ఫోను చేయండి. నల్గొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. ఆ దారిలో రక్తంలో చక్కెర పడిపోయి ఫిట్స్ రావచ్చు. అందుకే బయలుదేరే ముందు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో గ్లూకోజు చూసి, సెలైన్ పెట్టించి పంపమని అడగండి.

సమస్య: వైరస్ అన్నారు, వారం దాటినా జ్వరం తగ్గలేదు. లేదా జ్వరం పోయి నెలలైనా అంకె దిగలేదు

మొదటిదానిలో టైఫాయిడ్, మలేరియాతో పాటు స్క్రబ్ టైఫస్‌ను వెతకాలి. పొదల్లోని చిన్న పురుగు కుట్టి వస్తుంది. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు మేకల వెంట, పొలం గట్ల మీద తిరిగే పిల్లల బట్టలు విప్పి చంకలు, గజ్జలు, చెవి వెనుక చూడండి. సిగరెట్‌తో కాల్చినట్లు నొప్పిలేని నల్లటి పక్కు కనిపిస్తే అదే ఆధారం. డాక్సీసైక్లిన్ లేదా అజిత్రోమైసిన్ మొదలుపెడితే తరచూ రెండు రోజుల్లోనే జ్వరం దిగుతుంది.

రెండోదాని కోసమే మళ్లీ పరీక్ష చేయించమన్నాను. నెలల తరబడి దిగకపోతే అది ఆ వైరస్ జ్వరం పని కాకపోవచ్చు, జ్వరం వంకతో బయటపడిన పాత జబ్బు కావచ్చు. మగపిల్లవాడు నేల మీద నుంచి మోకాళ్ల మీద చేతులు ఆనించి లేస్తుంటే సీపీకే చేయించాలి. కండరాల జబ్బును ఏళ్లకేళ్లు కాలేయ జబ్బనుకుని తిరిగిన కుటుంబాలు ఉన్నాయి. బొద్దుగా ఉన్న బిడ్డకైతే కాలేయంలో కొవ్వు ఉందేమో చూడాలి. మూడేళ్లు దాటిన బిడ్డకు, రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీన్ పరీక్ష కూడా చేయించాలి. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బు మేనరికం ఇళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. ముందే పట్టుకుంటే మాత్రలతో అదుపులో ఉంటుంది. ఒక బిడ్డలో తేలితే, పైకి ఎంత ఆరోగ్యంగా ఉన్నా, అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ పరీక్ష చేయించాలి.