గిట్ రీసెట్ వివరణను తిరగరాసేటప్పుడు

ఫైళ్లలోని మార్పుల చరిత్రను దాచే గిట్ అనే ప్రోగ్రామ్‌లో ‘గిట్ రీసెట్ --హార్డ్’ అనే కమాండ్ గురించి మాన్యువల్ పేజీ తెరిచే మనిషి తరచుగా, చేసిన పని పోతుందేమోనన్న ఆందోళనతోనే తెరుస్తాడు. ‘ఇండెక్స్‌నూ వర్కింగ్ ట్రీనీ రీసెట్ చేస్తుంది’ అన్న వాక్యం అతనికి అక్కరకు రాదు (ఇండెక్స్ అంటే చరిత్రలో చేర్చడానికి సిద్ధం చేసిన ఫైళ్ల జాబితా, వర్కింగ్ ట్రీ అంటే ఫోల్డర్‌లో కనిపించే ఫైళ్లు). రీసెట్ అంటే ఏమిటో తెలుసుకోవడానికి వచ్చినవాడికి అది ఆ మాటనే తిరిగి అప్పజెబుతుంది. కాబట్టి అలాంటి వాక్యాన్ని దిద్దదలచినప్పుడు, కమాండ్ నడిచాక డిస్క్ మీద ఏది మిగులుతుంది, ఏది పోతుంది అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి.

రాసే ముందు స్వయంగా నడిపి చూడటం తప్పనిసరి. కొత్త రిపాజిటరీలో (గిట్ చరిత్ర దాచే ఫోల్డర్‌లో) ఒక ఫైలును కమిట్ చేసి, అంటే చరిత్రలో భద్రపరచి, ఆ తర్వాత దానిలో ఒక వరుస మార్చండి. రెండో ఫైలును సృష్టించి, దాన్ని ఇండెక్స్‌లో చేర్చే ‘గిట్ యాడ్’ వరకే చేయండి. మూడోదాన్ని సృష్టించి అలాగే వదిలేయండి. ఇప్పుడు కమాండ్ నడిపితే మొదటి ఫైలులోని మార్పు పోతుంది, మూడోది చెక్కుచెదరదు, రెండోది మాత్రం ఫోల్డర్‌లోంచే మాయమవుతుంది. ‘కొత్త ఫైళ్ల జోలికి పోదు’ అని రాస్తే పాఠకుడికి ఎంత నష్టం జరుగుతుందో ఈ రెండో ఫైలే చెబుతుంది. యాడ్ చేయగానే అది గిట్ లెక్కలోకి వచ్చేసింది.

అందుకే నేనైతే ఇలా రాస్తాను: ‘కమిట్ చేయని మార్పులు చెరిగిపోతాయి. యాడ్ చేసి ఇంకా కమిట్ చేయని కొత్త ఫైళ్లు కూడా తొలగిపోతాయి. యాడ్ చేయని కొత్త ఫైళ్లు అలాగే ఉంటాయి. అయితే కమిట్‌లోని ఫైలు రాయవలసిన చోట అడ్డుగా ఉంటే అవీ పోతాయి.’

పోయినదాన్ని తిరిగి తెచ్చుకునే వీలుందా అన్నది కూడా అక్కడే చెప్పాలి. పాత కమిట్‌కు రీసెట్ చేసినప్పుడు బ్రాంచ్ (కమిట్ల వరుస) నుంచి జారిపోయిన కమిట్లను రీఫ్‌లాగ్ ద్వారా, అంటే బ్రాంచ్ ఇదివరకు ఏ కమిట్ల దగ్గర ఉందో రాసిపెట్టే చిట్టా ద్వారా, వెతికి పట్టుకోవచ్చు. మామూలు సెట్టింగుల్లో అలాంటి నమోదులు కనీసం 30 రోజులు ఉంటాయి. ఒక్కసారీ యాడ్ చేయని మార్పులను గిట్ ఎక్కడా భద్రపరచదు కనుక, అవి గిట్‌లో వెతికినా దొరకవు.

ఇండెక్స్, స్టేజింగ్ ఏరియా, క్యాష్ అన్న మూడు పేర్లూ ఒకే వస్తువువి. తేడాలు చూపే ‘గిట్ డిఫ్’లో ‘--క్యాష్డ్’, ‘--స్టేజ్డ్’ రెండూ ఒకటే పని చేయడం అందుకే. ఒక పేజీలో ఒక పేరుకే కట్టుబడండి.

మాన్యువల్‌లో చేసిన మార్పును ప్రాజెక్టుకు పంపేటప్పుడు పేరా మొత్తాన్ని కొత్త వరుసలుగా సర్దకండి. సర్దితే మార్చిన రెండు మాటలు పది వరుసల తేడాలో మునిగిపోతాయి. సర్దక తప్పకపోతే దాన్ని వేరే కమిట్‌గా పెట్టి, పంపేముందు, మాటల వారీగా తేడా చూపే ‘గిట్ డిఫ్ --వర్డ్-డిఫ్’తో మీరే ఒకసారి చదువుకోండి. కమిట్ సందేశంలో పాత వాక్యాన్ని పాఠకుడు ఎలా పొరపడి అర్థం చేసుకుంటాడో, మీరు నడిపి చూసిన మూడు ఫైళ్ల ఫలితంతో సహా రాయండి.