ప్రిసెప్టర్ ఎలా దొరికారంటే

క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు అంటే రెండేళ్ల రెసిడెన్సీ. చదువు ఎక్కువగా ఐసీయూలోనే. పక్కనుండి పని నేర్పి, చేసినవి రాసుకునే లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాల్సిన మా ప్రిసెప్టర్ సార్‌కి ఊపిరి సలిపే తీరిక లేదు. బయట ఇంకో ప్రిసెప్టర్‌ని చూసుకుందామని ఒక కార్పొరేట్ ఆసుపత్రి హెచ్‌ఆర్‌కి ఉత్తరం ఇస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఒకటే టెన్షన్.

"హెచ్‌ఆర్ చుట్టూ తిరిగితే చెప్పులరుగుతాయి. నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్‌ని కలువు, అదీ రౌండ్స్ అయ్యాక" అంది సీనియర్ అక్క. సికింద్రాబాద్‌లో ఇంకో ఆసుపత్రికి ఒక్క పేజీ రాసుకుని వెళ్లాను: ఏ స్కిల్స్ కావాలి, ఏ రోజుల్లో వస్తాను, నా రిజిస్ట్రేషన్ నంబర్, తేడా వస్తే కాలేజీ తరఫున ఎవరు బాధ్యులు. మేడమ్ ఆ చివరి వరుసే రెండుసార్లు చదివారు. వాళ్ల భయమంతా అక్కడే మరి!

"నైట్ డ్యూటీకి వస్తావా అమ్మా?"

నన్నడిగితే నైట్ డ్యూటీయే నయం. డాక్టర్‌కి మనకి నేర్పే తీరిక ఉంటుంది. ఏబీజీ (ధమని రక్తంలోని వాయువుల పరీక్ష) శాంపిల్ తీసేముందు మణికట్టు దగ్గర రెండు ధమనులూ నొక్కిపట్టించి, చిటికెన వేలి వైపుది వదిలి, అరచేతికి ఎరుపు తిరిగొచ్చిందా అని అక్కడి డాక్టర్ సార్ నాచేతే చూపించారు. సంతకం ఆ తర్వాతే. కాలేజీ అనుమతి పత్రం మాత్రం ముందే తీసి పెట్టుకోండి.