పాన్‌డాక్‌తో తెలుగు పీడీఎఫ్ రావట్లేదా? ఎక్కడ ఆగిందో ముందు తేల్చుకోండి

మార్క్‌డౌన్‌లో (మామూలు టెక్స్ట్‌లోనే నక్షత్రాల్లాంటి చిన్న గుర్తులు పెట్టి రాసే పద్ధతి) రాసుకున్న తెలుగు ఫైలుని, ఫైళ్లని ఒక ఫార్మాట్ నుంచి ఇంకో ఫార్మాట్‌లోకి మార్చే పాన్‌డాక్‌కి ఇస్తే హెచ్‌టీఎంఎల్, వర్డ్, ఈపబ్ చకచకా వచ్చేస్తాయి, పీడీఎఫ్ దగ్గరికొచ్చేసరికి పేచీ మొదలవుతుంది. చాలామంది అక్కడితో విసిగిపోయి, ఇది తెలుగుకి పనికొచ్చేది కాదని తీర్మానించేసి, మళ్లీ వర్డ్‌లో కాపీ-పేస్టుకి వెళ్లిపోతారు. అది నిజం కాదు కాబట్టే ఇదంతా రాస్తున్నాను. బర్క్‌లీలో ఫిలాసఫీ ప్రొఫెసర్ జాన్ మెక్‌ఫార్లేన్ 2006లో మొదలుపెట్టిన ఈ ప్రోగ్రామ్, యూటీఎఫ్-8లో (యూనికోడ్ అక్షరాల్ని ఫైలులో దాచే పద్ధతి) ఉన్న తెలుగుని శుభ్రంగా చదువుతుంది. కాకపోతే పీడీఎఫ్‌ని అది సొంతంగా తయారు చేయదు. లాటెక్ (పేజీలు కూర్చడానికి వాడే భాష) ఫైలు రాసి ఇంజిన్ అనే ఇంకో ప్రోగ్రామ్ చేతిలో పెడుతుంది, గొడవంతా దాదాపు ఎప్పుడూ ఆ ఇంజిన్ దగ్గరే, ఫాంట్ దగ్గరే.

అందుకే ఏ సమస్య వచ్చినా ముందు చేయాల్సింది ఒకటే: అదే ఫైలుని -ఎస్ ఆప్షన్‌తో హెచ్‌టీఎంఎల్‌గా మార్చి బ్రౌజర్‌లో చూడండి. అక్కడ తెలుగు బాగుంటే ఫైలు మంచిదే, పాన్‌డాక్ మంచిదే, ఇక ఇంజిన్ సంగతి చూసుకోవచ్చు. అక్కడే చెడితే ఫాంట్లు ఎన్ని మార్చినా లాభం లేదు.

(ఆప్షన్లన్నీ ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే విండో) ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి, క్యాపిటల్ కావాల్సిన చోట నేనే చెప్తాను.)

కమాండ్ కొట్టగానే "ఫైలు లేదు" అంటోంది

ఫైలున్న ఫోల్డర్‌లోనే టెర్మినల్ తెరిచారా చూడండి. విండోస్‌లో ఎక్స్‌టెన్షన్లు దాచి ఉంటే ఫైలు పేరు చివర .ఎండీ కాకుండా .ఎండీ.టీఎక్స్‌టీ అని ఉండొచ్చు, కళ్లకి కనబడదు. ఇవి రెండూ కాకపోతే ఎర్రర్‌లో ఏ ఫైలు పేరు చెప్తోందో చదవండి. అక్కడ మీ ఫైలు పేరు బదులు –ఓ అనో ఇంకేదో ఆప్షన్ పేరో ఉందంటే, కమాండ్‌ని వర్డ్ ఫైలులోంచో చాట్‌లోంచో కాపీ చేశారన్నమాట. అక్కడ మామూలు హైఫన్ కాస్తా పొడుగు గీతగా మారిపోతుంది, పాన్‌డాక్ దాన్ని ఆప్షన్ అనుకోదు, ఫైలు పేరనుకుని వెతుకుతుంది. హైఫన్లూ కొటేషన్ గుర్తులూ చేత్తో మళ్లీ కొడితే సరిపోతుంది.

యూటీఎఫ్-8 డీకోడింగ్ ఎర్రర్

ఫైలు యూటీఎఫ్-16లో సేవ్ అయింది. పాత నోట్‌ప్యాడ్‌లో "యూనికోడ్" అని ఎంచుకుంటే అయ్యేది ఇదే. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1లో > గుర్తుతో ఫైలు తయారు చేసినా ఇంతే. నోట్‌ప్యాడ్‌లో తెరిచి, సేవ్ యాజ్‌లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8కి మార్చండి. పాన్‌డాక్ అవుట్‌పుట్‌ని కూడా > తో మళ్లించొద్దు, ఎప్పుడూ -ఓ (అవుట్‌పుట్ ఫైలు పేరు చెప్పే ఆప్షన్) వాడండి.

హెచ్‌టీఎంఎల్‌లో తెలుగు బదులు డిగ్రీ గుర్తులు

ప్రతి అక్షరం చోటా నెత్తిన చిన్న వాలుగీత ఉన్న ఇంగ్లిష్ "ఎ", దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో కనిపిస్తున్నాయంటే టెన్షన్ పడకండి, ఏదీ పాడవలేదు. -ఎస్ పెట్టకపోతే పాన్‌డాక్ పేజీలో మధ్య ముక్క మాత్రమే ఇస్తుంది. ఇది యూటీఎఫ్-8 అని బ్రౌజర్‌కి చెప్పే పైభాగం అందులో ఉండదు, దాంతో బ్రౌజర్ ఊహించుకుని తప్పుగా చదువుతుంది. -ఎస్ పెట్టి మళ్లీ మార్చండి.

అవి కాకుండా పూర్తిగా అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ ఉంటే, ఆ మ్యాటర్ డీటీపీ సెంటర్ నుంచి అను ఫాంట్లలో వచ్చి ఉంటుంది. అది యూనికోడ్ కాదు. ముందు యూనికోడ్‌లోకి కన్వర్ట్ చేసుకోవాలి, ఆ తర్వాతే పాన్‌డాక్.

"యూనికోడ్ క్యారెక్టర్ నాట్ సెటప్" అని పీడీఎఫ్ ఆగిపోయింది

ఏ ఇంజిన్ వాడాలో మీరు చెప్పకపోతే పాన్‌డాక్ పీడీఎఫ్‌లాటెక్‌ని పిలుస్తుంది. దానికి తెలుగు రాదు, మొదటి తెలుగు అక్షరం దగ్గరే చేతులెత్తేస్తుంది. ఎర్రర్‌లో యూ+0సీ తో మొదలయ్యే కోడ్ ఉంటుంది చూడండి, తెలుగు అక్షరాలన్నీ 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ లోపలే ఉంటాయి. కమాండ్‌కి --పీడీఎఫ్-ఇంజిన్=జీలాటెక్ కలపండి (జీలాటెక్ స్పెల్లింగ్ ఎక్స్‌తో మొదలై ఎక్స్‌తోనే ముగుస్తుంది). జీలాటెక్ దొరకలేదంటే విండోస్‌లో మిక్‌టెక్, ఉబుంటులో టెక్‌లైవ్-జీటెక్ ప్యాకేజీ వేసుకోవాలి.

పీడీఎఫ్ వచ్చింది, తెలుగు ఉండాల్సిన చోట ఖాళీ

ఇంజిన్ మారింది గానీ ఫాంట్ మారలేదు. లాటెక్ తనంతట తాను వాడే లాటిన్ మోడర్న్‌లో తెలుగు లేదు. టెర్మినల్‌లో "మిస్సింగ్ క్యారెక్టర్" అని వార్నింగులు వరసగా వచ్చే ఉంటాయి, పీడీఎఫ్ వచ్చేసిందన్న సంతోషంలో వాటిని ఎవరూ చదవరు. -వి మెయిన్‌ఫాంట్="నోటో సెరిఫ్ తెలుగు" అని ఇవ్వండి, ఇక్కడ వి క్యాపిటల్, ఫాంట్ పేరు సిస్టమ్‌లో ఎలా ఉందో అచ్చు అలాగే. లినక్స్‌లో ఎఫ్‌సీ-లిస్ట్ :లాంగ్=టీఈ అని కొడితే మీ దగ్గరున్న తెలుగు ఫాంట్లన్నీ చూపిస్తుంది. విండోస్‌లో నిర్మలా యూఐ ఎలాగూ ఉంటుంది.

తెలుగు వచ్చాక మధ్యలో ఇంగ్లిష్ మాటలు మాయమైతే మీ ఫాంట్‌లో ఇంగ్లిష్ అక్షరాలు లేవన్నమాట, రెండూ ఉన్నది ఎంచుకోండి. కోడ్ బ్లాకుల్లో రాసిన తెలుగు మాత్రమే మాయమైతే కోడ్‌కి వాడే ఫాంట్‌ని, అంటే మోనోఫాంట్‌ని కూడా విడిగా ఇవ్వాలి.

అక్షరాలొచ్చాయి, ఒత్తులు విడిపోయాయి

అన్నిటికంటే ఎక్కువమందిని వెనక్కి పంపేసేది ఇదే. "స్త్రీ" అని రాస్తే పేజీ మీద స్ త్ రీ అని మూడు ముక్కలుగా పడుతుంది, "క్షేత్రం" సంగతి చెప్పక్కర్లేదు. ఫాంట్ చెడ్డదనుకుని ఒకదాని తర్వాత ఒకటి మారుస్తూ పోతారు, ఏది పెట్టినా అదే అవతారం.

కంప్యూటర్‌కి "స్త్రీ" ఒక్క అక్షరం కాదు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, ఇలా ఆరు కోడ్‌లు. ఈ ఆరింటినీ కలిపి ఒక్క ఆకారంగా వేయడానికి కావలసిన నియమాలు ఫాంట్‌లోనే ఉంటాయి, కానీ లిపి పేరు మీద ఉంటాయి. ఇది తెలుగు లిపి అని ఎవరైనా చెప్తే తప్ప లాటెక్ ఆ నియమాల జోలికి వెళ్లదు, ఉన్న కోడ్‌లను ఉన్నట్టు పక్కపక్కనే పేర్చేస్తుంది. కాబట్టి ఆ మాట మీరే చెప్పాలి: -వి మెయిన్‌ఫాంట్ఆప్షన్స్="స్క్రిప్ట్=తెలుగు". కొటేషన్ లోపలున్న రెండు మాటలకీ మొదటి అక్షరం క్యాపిటల్. జీలాటెక్ బదులు లువాలాటెక్ వాడేవాళ్లు దీనికి తోడుగా ఇంకో మెయిన్‌ఫాంట్ఆప్షన్స్‌లో రెండరర్=హార్ఫ్‌బజ్ (ఆర్, హెచ్, బీ క్యాపిటల్) అని కూడా ఇవ్వాలి, లేకపోతే ఒత్తులు కుదరవు. మోనోఫాంట్ ఇచ్చినవాళ్లు మోనోఫాంట్ఆప్షన్స్‌లోనూ ఇదే చేయాలి.

ఇంత పొడుగు కమాండ్ రోజూ కొట్టే పని లేదు. మెయిన్‌ఫాంట్, మెయిన్‌ఫాంట్ఆప్షన్స్ రెండూ ఫైలు పైన మూడు హైఫన్ల మధ్య రాసే యామల్ భాగంలో పెట్టేయొచ్చు. ఇంజిన్ పేరు మాత్రం అక్కడ పనిచేయదు, దాన్ని కమాండ్‌లోనే ఇవ్వాలి. యామల్‌లో శీర్షిక రాసేటప్పుడు మధ్యలో కోలన్ ఉంటే మొత్తాన్ని కొటేషన్‌లో పెట్టండి, లేదంటే యామల్ ఎర్రర్‌తో అక్కడే ఆగుతుంది.

ఒంటి నక్షత్రం పెట్టిన మాటలు పీడీఎఫ్‌లో మామూలుగానే ఉంటే అది తప్పు కాదు. తెలుగు ఫాంట్లలో ఇటాలిక్ దాదాపు ఉండదు. బలవంతంగా వంచే ఆప్షన్లున్నాయి గానీ వంచిన తెలుగు చదవడానికి కష్టం, రెండు నక్షత్రాలు పెట్టి బోల్డ్ చేసుకోండి.

లిస్టు పేరాలో కలిసిపోయింది

పాన్‌డాక్ మార్క్‌డౌన్‌లో లిస్టుకి ముందు ఒక ఖాళీ లైన్ ఉండాలి, శీర్షికకీ అంతే. వేరేచోట ఆ లైన్ లేకుండానే బాగా కనిపించిన ఫైలు ఇక్కడ ముద్దగా వస్తుంది. ఖాళీ లైన్లు పెట్టండి, లేదా ఫైలు గిట్‌హబ్ కోసం రాసిందైతే -ఎఫ్ జీఎఫ్‌ఎం ఇవ్వండి.

వర్డ్ ఫైలులో ఫాంట్ మారట్లేదు

మెయిన్‌ఫాంట్ లాటెక్ కోసం, వర్డ్ దాన్ని పట్టించుకోదు. పాన్‌డాక్ -ఓ నమూనా.డాక్స్ --ప్రింట్-డీఫాల్ట్-డేటా-ఫైల్ రిఫరెన్స్.డాక్స్ అని కొడితే ఒక నమూనా ఫైలు వస్తుంది. దాన్ని వర్డ్‌లో తెరిచి స్టైల్స్‌ని మాత్రమే మార్చండి, లోపలి రాతల్ని మార్చి ఉపయోగం లేదు. స్టైల్‌లో ఫాంట్ డైలాగ్ తెరిచినప్పుడు కింద "కాంప్లెక్స్ స్క్రిప్ట్స్" అని వేరే గడి ఉంటుంది. తెలుగుకి ఫాంటూ సైజూ రెండూ అక్కడే పెట్టాలి, పైగడిలో పెడితే ఇంగ్లిష్ మాత్రమే మారుతుంది. సేవ్ చేసి, వర్డ్ ఫైలు తీసే ప్రతిసారీ --రిఫరెన్స్-డాక్=నమూనా.డాక్స్ ఇస్తే ఫైలు అదే ఫాంట్‌తో వస్తుంది.