కొత్త క్వార్టెట్ వినడం నేర్చుకుందాం – 3వ పాఠం: కమాను ఎక్కడుంది?

రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో ఉండే స్ట్రింగ్ క్వార్టెట్‌లో ఏ వాద్యం ఏ స్థాయిలో పలుకుతుందో, తీగను వేలితో మీటితే ఎలా మోగుతుందో గత రెండు పాఠాల్లో చూశాం. ఈ పాఠం పూర్తిగా కమాను గురించే, అంటే తీగల మీద లాగి పలికించే వెంట్రుకల కర్ర (బో) గురించే. ప్రయోగాత్మక సంగీతం వినడంలో అసలు మెలకువ ఇదేనని నా అభిప్రాయం. ఇది పట్టుబడితే, మొదట ఒట్టి గోలగా తోచిన రచనలో కూడా ఎవరు ఏం చేస్తున్నారో చెవికి తెలిసిపోతుంది.

కర్ణాటక సంగీతం వింటూ పెరిగిన చెవి సహజంగా విద్వాంసుడి ఎడమచేతి వెంట పోతుంది. జారు, కంపితం వంటి గమకాలు ఆ వేళ్ళలోనే పుడతాయి, కమాను మాత్రం సాహిత్యపు విరుపులను అనుసరిస్తూ కొంత వెనక ఉంటుంది. గత శతాబ్ది ఉత్తరార్ధంలో యూరప్, అమెరికా స్వరకర్తలు కొందరు ఈ ప్రాధాన్యాన్ని తలకిందులు చేశారు. జర్మన్ స్వరకర్త హెల్ముట్ లాఖెన్‌మన్ 1971–72లో రాసిన ‘గ్రాన్ టోర్సో’ క్వార్టెట్‌లో చాలాచోట్ల స్వరస్థానమనేదే వినబడదు. కమాను తీగను, చెక్కను, తీగలను పైకెత్తి పట్టే బ్రిడ్జిని ఒరుసుకునే సవ్వడే అక్కడ సంగీతం.

ఆ సవ్వడి ఎలా పుడుతుందో తెలిస్తే వినడం సులువవుతుంది. రోజిన్ (తీగ మీద పట్టునిచ్చే గట్టి బంక) పట్టించిన కమాను వెంట్రుకలు తీగను తమతోపాటు లాక్కుపోతాయి, పట్టు తప్పగానే తీగ వెనక్కి జారుతుంది, మరుక్షణమే మళ్ళీ పట్టుబడుతుంది. చెల్లో అతిమంద్ర తీగ మీద ఈ పట్టూ విడుపూ సెకనుకు సుమారు 65 సార్లు, వయొలిన్ ‘ఎ’ తీగ మీద 440 సార్లు జరుగుతాయి. ఈ వరుస చెదరనంతసేపూ మనకు నిండైన స్వరం వినిపిస్తుంది. చెదరకుండా ఉండాలంటే కమాను వేగం, ఒత్తిడి, బ్రిడ్జి నుంచి దాని దూరం మూడూ పొందికగా ఉండాలి. కొత్త స్వరకర్తలు కావాలని చెడగొట్టేది ఈ పొందికనే. బ్రిడ్జికి దగ్గరగా జరిగినప్పుడు ఒత్తిడి పెంచకపోతే తీగ ఒక్కో ఆవృత్తిలో ఒకటికంటే ఎక్కువసార్లు జారుతుంది, మూలస్వరం సన్నగిల్లి, గాజును గీకినట్టుండే పై స్వరాలు ముందుకొస్తాయి. దీన్నే ‘సుల్ పొంటిచెల్లో’ అంటారు. కమాను ఫింగర్‌బోర్డు (ఎడమచేతి వేళ్ళు తీగలను నొక్కే పలక) మీదికి పోతే వేణువులాంటి మెత్తని ధ్వని వస్తుంది, దాని పేరు ‘సుల్ తాస్తో’. ఒత్తిడి మితిమీరితే తీగ వేళకు విడివడలేక గరగరమంటుంది. ఇంట్లో వయొలిన్ ఉన్నవారు, ఎడమచేతి వేళ్ళు ఆనించకుండా, ఒకే తీగ మీద ఒకే వేగంతో లాగుతూ కమానును ఫింగర్‌బోర్డు మీది నుంచి మెల్లగా బ్రిడ్జి వైపు జరిపి చూస్తే మొదటి రెండు తేడాలూ ఒక్క నిమిషంలో తెలుస్తాయి.

వాద్యం లేనివారికి లాఖెన్‌మనే దారి చూపారు. స్వరపత్రంలో మామూలుగా క్లెఫ్ (ఏ గీత మీద ఏ స్వరమో తెలిపే గుర్తు) ఉండాల్సిన చోట, ఆయన తీగలూ బ్రిడ్జీ ఫింగర్‌బోర్డూ ఉన్న చిన్న బొమ్మ గీసి, కమాను ఆ క్షణాన ఎక్కడుండాలో దాని ప్రకారమే సూచించారు. ఒంటరి చెల్లో కోసం 1969లో రాసిన ‘ప్రెసియోన్’లోనూ ఇదే పద్ధతి. మీరూ కాగితం మీద అలాంటి బొమ్మ గీసుకోండి. ‘గ్రాన్ టోర్సో’ మొదటి రెండు నిమిషాలు వింటూ, కమాను ఎక్కడుందనిపిస్తే అక్కడ చుక్క పెట్టండి. వీడియో చూస్తూ కాదు, ముందు చెవితోనే. కన్ను తర్వాత సరిచూడటానికి పనికొస్తుంది. 1974లో లండన్‌లో ఇర్విన్ అర్దిత్తి స్థాపించిన అర్దిత్తి క్వార్టెట్ వాయించిన రికార్డింగు దొరికితే దానితో మొదలుపెట్టండి, ఆ బృందం ఇలాంటి రచనలను స్వరకర్తల పక్కనే కూర్చుని సాధన చేసింది. (1995లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జర్మన్ స్వరకర్త స్టాక్‌హౌజెన్ రచనను నలుగురూ నాలుగు హెలికాప్టర్లెక్కి వాయించిందీ వీరే గనుక, పేరెత్తగానే అందరూ ఆ ముచ్చటే చెబుతారు. కమాను నేర్చుకునేవారికి అది అంతగా ఉపయోగపడదు.)

రెండో అభ్యాసానికి అమెరికన్ స్వరకర్త జార్జ్ క్రంబ్ 1970లో విద్యుత్ స్ట్రింగ్ క్వార్టెట్ కోసం రాసిన ‘బ్లాక్ ఏంజెల్స్’ తీసుకోండి. అమెరికన్ వయొలిన్ విద్వాంసుడు డేవిడ్ హారింగ్టన్ దీన్ని రేడియోలో విన్న తర్వాతే 1973లో క్రోనోస్ క్వార్టెట్‌ను ప్రారంభించారు. అందులో ‘పవానా లాక్రిమే’ అనే భాగం దగ్గర ఆగండి. షూబర్ట్ క్వార్టెట్‌లోని ఒక బాణీ అక్కడ నాలుగైదు వందల ఏళ్ళ నాటి వాద్యాల మీద వాయించినట్టు పలచగా, వణుకుతూ వినిపిస్తుంది. వాద్యాలు మారలేదు. వాటిని నిలువుగా పట్టుకుని, ఎడమచేతి వేళ్ళకు అవతల, పెగ్గుల (తీగలను బిగించే మరల) వైపు నుంచి కమాను లాగుతున్నారు. ఆ భాగాన్ని విని మీ బొమ్మలో చుక్క పెట్టబోతే, మీరు గీసిన ఫింగర్‌బోర్డు చాలదు. బొమ్మను పెగ్గుల దాకా పొడిగించి, మళ్ళీ మొదటి నుంచి వినండి.